వెంట్రుకంత

ఆటోనగర్‌లో గుండె అనే మాట వాడకూడదు.
"గుండంటే రేటు పెంచేస్తారు మేడమ్,
సామానని అడగండి" అన్నాడు జక్రయ్య
బోనెట్ కిందనుంచి తల తియ్యకుండా.

నాది తొంభై ఎనిమిది మోడలు, మూడు సిలిండర్ల చిన్న మారుతి.
వెనకసీటు పీకించి కళ్ళజోళ్ళకి అరలు కట్టించాను.
సోమవారం కంకిపాడు, బుధవారం మైలవరం,
శుక్రవారం ఏ ఊరు ముందు పిలిస్తే ఆ ఊరు.
మొన్న కొండపల్లి దాటాక వెనక అద్దంలో రోడ్డు కనపడలేదు,
అంతా నీలం పొగ.
"రెండుసార్లు బోరు కొట్టేశారు దీనికి. ఇంక గోడేదీ?
ఇంజనే మార్చాలి."

మూడు రోజులు తిరిగాం.
ఒక సందంతా తలుపులే. ఒక సందంతా సైలెన్సర్లు.
ఇంజన్లు బోర్లా పడుకున్న షెడ్డులో
వీర్రాజు గారు ఒక్కోదాని జాతకం చెప్పుకొచ్చారు:
ఇది డాక్టరు గారి బండిది, ఆదివారాలే తిరిగింది.
అది బుడమేరు నీళ్ళు తాగింది, నేను అబద్ధం చెప్పను.
ఇది...
అని ఒకదాన్ని తట్టి, ఊరుకున్నారు.
బేరం కుదిరింది దానికే. పన్నెండున్నర వేలు.
ఇనప్పైపుకి గొలుసేసి
పెళ్ళింటికి గుండిగ మోసినట్టు
జక్రయ్యా బుడే మోసుకొచ్చారు.

హెడ్డు విప్పాడు. బోరు అంచు చుట్టూ బొటనవేలు తిప్పాడు.
"సాఫీగా ఉంది."
ఆర్సీలోకి ఎక్కించాలి, నంబరు చదవమని
టార్చి నా చేతికిచ్చాడు.
అప్పుడు గమనించాను,
పది పానా, పన్నెండు పానా
చూసి తియ్యడు, చేత్తో తూచి తీస్తాడు.

చదివే అట్ట అందించాను.
మొదటి వరుస చదివాడు. రెండోది ఊహించాడు.
మూడోదాని దగ్గర "ఇది అరవమా?" అన్నాడు.

ప్లస్ టూ పెట్టాను.
అట్టకేసి చూడలేదు. తన బొటనవేలు చూసుకున్నాడు,
గీతల్లో ఇంకిన ముప్పై ఏళ్ళ గ్రీజు.
తరవాత బ్లాకు మీదికి వంగాడు.
చాలాసేపు లేవలేదు.

రెండో బోరుకీ మూడోదానికీ నడుమ
వెంట్రుకంత చీలిక.

"ఇది బిగిస్తే నూజివీడు కూడా చేరరు మీరు."
ఆగి,
"నిరుడు పామర్రు ట్యాక్సీ అతను
మూడు వారాలకే తిరిగొచ్చాడు. ఇదే పోలిక.
నీళ్ళు చూసుకోకుండా తోలావని
నేనే తిట్టి పంపేశా."
బుడే రేడియో తగ్గించాడు.
సుత్తి చప్పుళ్ళు పక్క షెడ్డులవి, వాటిపాటికవి.

వీర్రాజు గారు చీలికకేసి చూడలేదు,
జక్రయ్య ముక్కు మీది అద్దాలకేసి చూశారు.
ఒక్క మాటా లేకుండా ఇంజను వెనక్కి తీసుకుని
ఇంకో రెండు వేలకి డాక్టరు గారి ఆదివారాలు ఇచ్చారు.
"ఆయనకీ ఒక జత ఇవ్వనా?" అన్నాను దారిలో.
"ఆయనకెందుకు మేడమ్,
ఆయనకి ఎప్పట్నుంచో కనపడుతూనే ఉంది."

రాత్రి పదిన్నర.
మౌంటింగ్ రబ్బర్లు కొత్తవి, క్లచ్ ప్లేటు కొత్తది,
కింద పడిన ఒక్క బోల్టు అరగంట తినేసింది.
మొదటి సెల్ఫుకి ఏమీ లేదు.
రెండోదానికి బుడే మోచేతి మీద పెట్రోలు.
నాలుగోదానికి అందుకుంది.
జక్రయ్య అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.
కళ్ళు మూసుకుని విన్నాడు.
"ఒక టాపెట్ లూజు."
పావు తిప్పు తిప్పాడు.

బిల్లులో కళ్ళజోడు మూడొందలు మినహాయించమంటే
ఒప్పుకోలేదు. విడిగా లెక్కపెట్టి ఇచ్చాడు.
అట్టపెట్టె చింపి, మొదటిసారి
చిన్న అక్షరాలతో, ఏదో రాసి
డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు:
పామర్రు స్టాండు. తెల్ల వ్యాను. పేరు తెలీదు.
ఎడమచేతికి ఇత్తడి కడియం.
కనపడితే ఒకసారి నా దగ్గరికి రమ్మనండి.
డబ్బులు అక్కర్లేదు.

ఈ శుక్రవారం పామర్రు వెళ్తున్నాను.
ఎవరూ పిలవలేదు.