ఫ్యూజు పోయిన రాత్రి

రాత్రి రెండుంబావుకి ఫ్యూజు పోతే
అది గాలి పని కాదని నాకు తెలుస్తుంది.
పదహారేళ్లుగా లైన్‌మన్ని, సీతారామపురం సబ్‌స్టేషన్లో.
గాలికి పోయే తీగ పటపటలాడి పోతుంది.
ప్రాణానికి పోయేది
ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంటుంది.

వెలిగొండ కింద మాలకొండయ్య సెనక్కాయ చేను.
నేలకి జానెడెత్తున బైండింగు తీగ,
కొక్కెం మాత్రం నా స్తంభానికే.
ముందు కొక్కెం తీశాను. తర్వాత టార్చి వేశాను.

ఆడపంది.
వీపు మీద జూలు ఇంకా నిక్కబొడుచుకునే ఉంది.
మూతికంటిన మట్టి ఆరలేదు.
పళ్ల సందున ఒక కాయ, కొరకనిది.

తిడదామని నోరు తెరిచాను.
మాలకొండయ్యే ముందు మాట్లాడాడు.
"మూడెకరాలు కౌలు సామీ. రాత్రికి రాత్రే దున్ని పోసినాయి.
మీరు బిల్లడగతారు.
ఫారెస్టోళ్లు అర్జీ అడగతారు.
పంది ఏమీ అడగదు."

వాచర్ పోలయ్య వంగి పొట్ట తడిమాడు.
"పాలుండాయి. లైటార్పు" అన్నాడు.

ఊరంతా చీకటి. మేం ముగ్గురం గట్టు మీద.
పరికి పొదల్లోంచి మొదట ఒక గురక,
తర్వాత ఆరు పిల్లలు,
బుడంకాయకున్నట్టు ఒంటినిండా చారలు.
ఒకటి వచ్చి తల్లి పొట్టలో మూతి దూర్చింది.
దూర్చి, తీసి, మళ్లీ దూర్చింది.
మాలకొండయ్య తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

పోలయ్య గుసగుసగా చెప్పుకుపోయాడు.
కొండకి నాగలి ఇదేనంట.
ఇది పెళ్లగించిన గుంతల్లోనే తొలకరి నీళ్లు నిలుస్తాయంట,
తుంగగడ్డ తవ్వినచోట మళ్లీ తుంగే లేస్తుందంట.
"ఇది లేకుంటే చిరుత దిగేది మీ మేకలకాడికే గదా!"
కాసేపాగి,
"మందలో ఇంకో తల్లుంటే పాలిస్తాది.
ఉంటే."

తెల్లారుజామున ఫ్యూజు వేశాను.
ఊళ్లో ఫ్యాన్లు తిరిగాయి.
లాగ్‌బుక్కులో టైము రాశాను.
కారణం అన్న గడిలో 'గాలి' అని రాయలేకపోయాను.
'పంది' అని రాస్తే మాలకొండయ్య జైలుకి.
గడి అట్లాగే ఉంది, తెల్లగా.

తీగ చుట్ట మా ఇంటి అటక మీదుంది. అడగడానికి ఎవరూ రాలేదు.
చేలో ఇప్పుడు డబ్బా, పిడకల పొగ, నిద్రలేని మనిషి.

మూడు నెలలకి వాగు ఇసకలో గిట్టలు చూపించాడు పోలయ్య.
నాలుగు జతలు చిన్నవి, ఒకటి పెద్దది.
"ఆరు గదా" అన్నాను.
"నాలుగు" అన్నాడు.

నిన్న మాలకొండయ్య టీ కొట్టు దగ్గర కనిపించి
"రెండు సాళ్లు పోయినాయి సామీ" అన్నాడు,
కోపంగానో, లెక్క అప్పజెబుతున్నట్టో.

రాత్రి ఫ్యూజు పోలేదు.
నాకు మాత్రం రెండుంబావుకి మెలకువొచ్చింది.