టిక్కు

ఒంటిగంట సైరను మోగాక
పలాసలో, జీడి ఫ్యాక్టరీ వెనక,
ఖాళీ డబ్బాల నీడలో నా బడి.
పంతులమ్మ సవర సొంబారి, పెంకు కొట్టే సెక్షను.
జీడిసొన కాల్చి కాల్చి నల్లబడిన వేళ్ళు,
రేషను మిషను ఆమె బొటనవేలిని
ఏ నెలా ఒక పట్టాన ఒప్పుకోదు.
నేను తూకాల గుమస్తాని, సవర నీలవేణి.
సర్టిఫికెట్లో సవర. నోట్లో కాదు.

మొదటి పాఠం, పిల్ల.
"ఓన్" అన్నాను.
"కాదు. మజ్జిన తెగాల."
"ఓ... ఓన్."
"అలగ కాదే. తెగాల గానీ ఇరిగిపోకూడదు."
జేబుగుడ్డలోంచి ఒక గింజ తీసి
రాయి మీద పెట్టి ఒక్కటే దెబ్బ.
పెంకు రెండు చెక్కలు.
పప్పు గుండు, చెక్కు చెదరలేదు.
"బద్దయితే కూలి కోస్తారు కదా,
మాటకీ అంతే."

ఆ తెగడానికి తెలుగులో అక్షరం లేదు.
యాభయ్యారూ వెతికాను.
సున్నాలో లేదు, విసర్గ ఊపిరి వదిలేస్తుంది,
ఇది పట్టి ఉంచాలి.
ఆఖరికి తూకాల పుస్తకంలో వేసే టిక్కే పెట్టాను.
ఒ✓ఒన్. పిల్ల.
డ✓అ. నీళ్ళు.
పదిసార్లు నీళ్ళడిగితే
పదకొండోసారి గ్లాసు చేతికిచ్చింది.

నాలుగో రోజనుకుంటాను, టీ తాగుతావా అంది.
నోట్లో అన్నం. ఊఁ ఊఁ అని తలాడించాను.
"అదే! ఇప్పుడు సేసినావు. మల్లా అను."
పుట్టిన దగ్గర్నించీ
వద్దనడానికి మాత్రమే వాడుకున్న చప్పుడు.
అది పిల్లలో ఉందట.
నీళ్ళలో ఉందట.

ఆశ్రమ పాఠశాలలో "ఏటి" అన్నందుకు
"ఏమిటి" అని వందసార్లు రాయించారు నాచేత.
ళ కోసం నాలుక మడతపెట్టి నిలబెట్టారు.
ఆ మడత ఇంకా పూర్తిగా విప్పుకోలేదు,
సొంబారి మాట దాని మీదినుంచి జారుతూ వెళ్తుంది.

తర్వాత ఒక పొడుగు మాట ఇచ్చింది.
జోమెబొబ్దెమ్తెనాయ్.
ఊపిరి ఒకటి, మాట ఒకటి.
తలకి నూనె రాసుకుంటాను, అని అర్థం.
తూకాల పుస్తకం వెనకపేజీలో రెండు వరసలేసి
ముక్కకి ముక్క ఎదురు పెట్టాను.
నా తెలుగు తల దగ్గర మొదలవుతుంది,
తల, నూనె, రాసు.
ఆమెది చేతి దగ్గర మొదలవుతుంది,
రాసు, నూనె, తల.
మొదటి మూడూ తలకిందులు.
పెన్ను పక్కన పెట్టేద్దామనుకున్నాను.
అప్పుడు కనపడ్డాయి మిగిలినవి:
కుం, టా, ను.
దెమ్, తె, నాయ్.
ఎదురెదురుగా, అదే వరసలో,
సంతలో పలకరించుకోని చుట్టాల్లాగ.
రెంటిలోనూ "నేను" ఆఖర్నే.

ధైర్యం వచ్చి
తల తీసేసి అక్కడ చెయ్యి పెట్టి చూశాను.
గింజల పనికి ముందు వాళ్ళు
చేతులకి ఆముదం రాసుకుంటారు కదా అని.
సొంబారి కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది.
తప్పో ఒప్పో చెప్పలేదు.
సైరను మోగింది.

రాత్రి అమ్మకి ఫోన్ చేశాను.
మందస కొండ కింద హాస్టల్లో వంట చేస్తుంది.
నాకు మాటలొచ్చేనాటికే
ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడనివ్వలేదు,
నన్నెవరూ నవ్వకూడదని.
ముందు కూరలు, గ్యాసు బండ, మోకాలి నొప్పి.
"అమ్మా," అన్నాను, "నేను నీ ఒ✓ఒన్."
అవతల ఏమీ లేదు.
సిగ్నల్ పోయిందేమో అని ఫోన్ చూశాను.
మూడు గీతలున్నాయి.
గిన్నె దించిన చప్పుడు వినిపించింది.
తర్వాత చాలా మెల్లగా,
పక్కన పిల్లలు పడుకున్నట్టు,
"అంతసేపు ఆగకూడదే," అంది.