తూము

నలభై ఏళ్లు సముద్రాన్ని బయటే నిలబెట్టాను.
జీలండ్‌లో, అలకంటే పల్లంలో ఉన్న ఊళ్లకి
గట్లు కాయడం నా ఉద్యోగం.
తుఫాను రాత్రి ఫోను మోగితే
చొక్కా గుండీలు మెట్ల మీద పెట్టుకుంటూ పరిగెత్తేవాణ్ణి.
ఆ ఫోను ఇప్పుడు తవీరాలో, వంటింటి సొరుగులో,
ఏ తలుపుకీ సరిపోని పాత తాళంచెవులతో పడి ఉంది.

మొదటి చలికాలం ఏమీ తోచలేదు.
టీనెకె వచ్చిన నెలకే చర్చి బృందగానంలో చేరింది,
ఆమెకి భాష పాటలోంచి వచ్చేసింది.
నాకు పదకొండు మాటలు. అందులో మూడు చేపల పేర్లు.
కాగితాల ఆఫీసులో నా నంబరు పిలిస్తే అర్థంకాక
రెండుసార్లు నా వంతు నా ముందునుంచే వెళ్లిపోయింది.
డాబా మీద కూర్చుని ఎదురింటి పెంకులు లెక్కపెట్టాను.
నాలుగు వందల పన్నెండు.
మర్నాడు మళ్లీ లెక్కపెట్టాను,
ఏమో, రాత్రి ఒకటి జారి ఉంటుందని.

మా కుళాయిలన్నీ బాగుచేశాక
పక్కింటి ఫెలిష్మీనా గారి కుళాయి కారింది.
బాగుచేశాను. నారింజలిచ్చింది.
వారానికి మళ్లీ కారింది. మళ్లీ నారింజలు.
మూడోసారి విప్పి చూస్తే
ఇత్తడి మర మీద పట్టకారు పళ్ల గాట్లు, కొత్తవి.
ఆమె కిటికీ వైపు తిరిగి, ఎంతో శ్రద్ధగా,
ఏమీ లేని వీధిని చూస్తోంది.
నేనూ ఏమీ అనలేదు. వాషరు మార్చాను.
పనిలేనివాడి ముఖం
గోడ అవతలికి కూడా కనిపిస్తుందన్నమాట.

మార్చిలో ఆమె మరిది దెవుదాతు
గుమ్మంలో నిలబడి చేత్తో సైగ చేశాడు: రా.
ఊరి చివర ఉప్పు మడులు.
మోకాలెత్తు బురద గట్లు, మధ్య మధ్య చెక్క తూములు,
తలుపు తాతది, మేకు మనవడిది.
వేలెత్తి చూపించి ఏదో అన్నాడు. మాట తెలియదు,
వాసన తెలుసు. పోటు.
ఒళ్లు బిగిసింది. చేతులు వాటంతటవే
తలుపు దించబోయాయి.
దెవుదాతు నా మణికట్టు పట్టుకుని
పైకి లాగించాడు.

సముద్రం లోపలికి వచ్చింది.
చీలమండల దాకా, మెల్లగా,
చెప్పులు వాకిట్లో విడిచి వచ్చిన చుట్టంలా.

ఇప్పుడు మంగళ, శుక్రవారాలు నావి.
సైకిలు, రబ్బరు బూట్లు, కొలకర్ర.
ఏ మడికి ఎంత నీరు, ఎక్కడ ఆపాలి,
ఎండ ఎంత తాగింది, గాలి ఎటు.
బుధవారం భాష క్లాసు.
భూతకాలం ఇంకా పట్టుబడలేదు,
అందుకని అన్నీ వర్తమానంలోనే చెబుతాను:
"నేను గట్లు కాస్తాను. నేను సముద్రాన్ని ఆపుతాను."
దెవుదాతు రొట్టె నములుతూ ఆలోచించి అడిగాడు,
"మరి ఇప్పుడు అక్కడ ఎవరున్నారు?"
ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

జూన్‌లో ఒకసారి, కాలం కాని వాన.
గుండీలు మెట్ల మీదే పెట్టుకుంటూ పరిగెత్తాను.
నాకంటే ముందే అతను గట్టు మీద కూర్చుని ఉన్నాడు,
తల మీద ప్లాస్టిక్ సంచి.
చూస్తుండగానే రెండు వారాల ఉప్పు
నీళ్లయిపోయింది.
నేను అటూ ఇటూ తిరిగాను, ఏ తూము మూయాలో తెలియక.
వాన పైనుంచి వస్తోంది కదా.
సంచిలో సగం నా తల మీదికి లాగాడు.
ఇద్దరం తడిశాం.

ఆగస్టులో జీతం కొంత డబ్బు, కొంత ఉప్పు.
వాళ్ల ఉప్పు తిన్నాను, ఇక ఎక్కడికి పోతాను.
టీనెకె మాత్రం చారులో ఎక్కువైందంటుంది.

నిన్న ఫెలిష్మీనా గోడ దగ్గరికి వచ్చింది.
కుళాయి కారుతోందట, ఈసారి నిజంగానే.
"ఈ వారం కుదరదు," అన్నాను, బూట్లు తొడుక్కుంటూ,
"శనివారం వస్తాను."
కోపం తెచ్చుకుంటుందేమో అనుకున్నాను.
లోపలికి వెళ్లి బిందె కింద పెట్టుకుంది.
ఆ చుక్కల చప్పుడు మీదుగా
ఆమె ఏదో కూనిరాగం తీయడం
వీధి మలుపు దాకా వినిపించింది.