గోళ్ల కింద నీలం

ఇబాదాన్‌లో వానలు ముదిరిన జూన్ నెల.
పదిహేడో నంబరు బల్ల మీద ఆమె.
రిజిస్టర్‌లో: స్త్రీ, సుమారు యాభై.
మిగతా గళ్లన్నిటా ఒకటే అడ్డగీత.
ఆ గీత గీసింది నేనే.
ఇరవై ఆరేళ్లుగా ఈ హాల్లో
ఫార్మలిన్ కలిపేదీ, నరాల్లోకి ఎక్కించేదీ,
సెలవులకు తాళం వేసేదీ నేనే.

పిల్లలు ఆరుగురు చుట్టూ నిలబడ్డారు.
మొదటి రోజు ముక్కులు మూసుకున్నారు.
మూడో రోజుకి
సంచులు ఆమె కాళ్ల దగ్గర పెట్టడం అలవాటైంది.
"గోళ్లు నీలంగా ఉన్నాయి,
ఊపిరందక పోయిందా?" అంది ఎవతోమి.
ప్రొఫెసర్ ఇంకా రాలేదు.
వేలు పట్టుకుని వెలుతురుకి తిప్పి చూశాను.
ఊపిరి కాదు తల్లీ,
నీలిమందు.

మా మేనత్త చేతులు ఇలాగే ఉండేవి.
అబెయోకుటాలో ఆమె వాకిట్లో నాలుగు కుండలు,
వీధి మలుపు దాకా పులిసిన వాసన.
ఎంత తోమినా గోరుమూలల్లో నీలం పోదు.
పెళ్లి విందులో ముద్ద కలిపినా
ఆ వేళ్లు దాగవు.
ఫార్మలిన్ ముఖంలో ముడతల్ని సాపు చేసింది గానీ
పని చేసిన గుర్తును
కడగలేకపోయింది.

చట్టం నాకు తెలుసు.
ఇన్ని రోజుల్లో ఎవరూ రాకపోతే శవం మాది.
రాకపోవడమంటే సరేననడమేనని రాసినవాడెవడో
మార్చురీ మెట్ల మీద ఒక్క పూటా కూర్చుని ఉండడు.
దిక్కులేనివాళ్లకు దేవుడే దిక్కంటారు.
ఇక్కడ దేవుడి కంటే ముందు
మా వ్యాను వస్తుంది.

ఆదివారం బస్సెక్కి ఇటోకు బజారుకు వెళ్లాను.
డీన్‌కి చెప్పలేదు, మా ఆవిడకీ చెప్పలేదు,
నీలివార్త అనుకుంటారని.
ఫోటో తీయకూడదు. తీయలేదు.
నా చేతినే చాపి చూపించాను:
ఎడమ చిటికెనవేలు ఇలా వంకర,
మణికట్టు మీద ఇక్కడ పాత కాలిన మచ్చ.
గుడ్డలు మడతపెడుతున్న ఆడవాళ్లు
ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.
సికీరా వాళ్లమ్మట, ఒకామె,
మడత ఆపకుండానే అడిగింది:
"మాదేనంటే ఎంత కట్టాలి?"

నా దగ్గర జవాబు ఉంది. అదే సిగ్గు.
చలిగదికి రోజుకింత, కాగితానికింత,
మార్చురీ గుమాస్తా నోరు పెట్టి చెప్పాను.
ఆమె వేళ్ల మీద లెక్కేసింది. నీలం వేళ్లు.
రెండో చేతికి రాకుండానే లెక్క వదిలేసింది.
"అయితే మాది కాదు."

కాసేపటికి అడుగు కట్టలోంచి ఒక గుడ్డ లాగి
నా చేతిలో పెట్టింది.
"దీని మీద కర్రపెండలం గంజితో గీసింది తనే,
కోడి ఈకతో.
ఒక పక్క మిగిలిపోయింది."
పేరు నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.
పేరు తెలిస్తే బిల్లు తయారవుతుంది.

సోమవారం ఆ గుడ్డ ఆమె మీద కప్పాను.
ఇది నిబంధనల్లో లేదన్నారు ప్రొఫెసర్ ఒమితోగున్.
నిజమే, లేదు.
ఆయన వెళ్లాక పిల్లలకు చెప్పాను:
ఈమె తన ఒళ్లు మనకు ఇవ్వలేదు.
అడగలేదు గనక కాదనలేదు, అంతే.
ఎవతోమి కత్తి కింద పెట్టింది.
"పరీక్ష పద్దెనిమిదో తారీఖు" అన్నాడు పక్క కుర్రాడు.
వాడు చెడ్డవాడు కాదు.
వాడి ఊరికి డాక్టరు లేడు.
రేపెప్పుడో తెగిన చేతినొకదాన్ని వాడు సరిగా కుట్టాడంటే
ఈ చేతిని విప్పి చూసినందుకే.
ఆ మాట అబద్ధమని నేనెలా అనను?

పదిన్నరకు ఎవతోమి మళ్లీ కత్తి అందుకుంది.
అరచేయి కోసే ముందు
ఆ వంకర చిటికెనవేలిని
తన గుప్పిట్లో కాసేపు ఉంచుకుంది.
ఎవరూ తొందరపెట్టలేదు.

సాయంత్రం రిజిస్టర్ తెరిచాను.
పేరు గడిలో గీత అలాగే ఉంచాను.
వృత్తి గడిలో గీత కొట్టేసి
అద్దకం అని రాశాను.
దిద్దుబాటు పక్కన దిద్దినవాడి సంతకం ఉండాలి.
పెట్టాను.