నూట పన్నెండో వరస

ఐసాఫ్యోర్దర్‌లో జనవరి.
సూర్యుడు కొండ వెనకే ఉండిపోయి
రెండు నెలలుగా బాకీ.
రాత్రెప్పుడో పగలెప్పుడో
గోడ గడియారం చెబితేనే నమ్మాలి.

అలాంటి ఊళ్ళో
"మీరు వాడని వేళ చూసి పని కానిస్తాం" అంది కంప్యూటరు.
సోల్రూన్ నవ్వుకుంది,
మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి పడుకుంది.

మౌనం అర్ధాంగీకారమని విన్నాం.
తలుపు మూయడం పూర్తి అంగీకారమని
ఆమెకెవరూ చెప్పలేదు.

తెల్లారేసరికి, అదీ గడియారంలోనే,
తెర నీలంగా, మహా మర్యాదగా ఉంది.
"హాయ్" అంది.
"మీ ఫైళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి" అంది,
ఇంట్లో దూరిన దొంగ
చెంచాలు లెక్కపెట్టి చూపించినట్టు.

అడగందే అమ్మైనా పెట్టదంటారే,
వీళ్ళు వద్దన్నా వడ్డించారు,
తినేదాకా విస్తరి ముందునుంచి లేవనివ్వలేదు.

పక్క బల్లమీద పాత అల్లిక యంత్రం.
ఇరవయ్యేళ్ళుగా ఓ బూడిదరంగు కేబుల్లోంచి
ఏ సూదికి తెలుపో ఏ సూదికి నలుపో
ఆ డబ్బా చెప్తే వినేది.
ఇప్పుడు డబ్బా అంటోంది:
ఈ పరికరం ఎవరిదో మాకు తెలియదు.

సూదులకు వేలాడుతూ సగం స్వెట్టరు,
పడవ మీద పనిచేసే థోర్గిల్స్‌ది.
నూట పన్నెండో వరస.
నూట పదమూడు ఏమిటో ఆ సాఫ్ట్‌వేరుకే తెలుసు.
అది రాసినాయన పోయి ఎనిమిదేళ్ళు.

పక్కింటి హొగ్ని వచ్చి కుస్తీ పట్టాడు.
వెనక్కి దారి ఉందట.
ఎందుకు వెళ్ళిపోతున్నారని ఆరు కారణాలు చూపించి
ఒకటి ఎంచుకోమంది.
ఇది నా ఇల్లు కనక, అన్నది
ఆ ఆరింట్లో లేదు.
నలభై శాతందాకా వెళ్ళి, ఆగి, ఆలోచించి
మళ్ళీ "హాయ్" అంది.

సోల్రూన్ ఏమీ అనలేదు.
కేబుల్ పీకి, చుట్టచుట్టి, సొరుగులో పెట్టింది.
అల్లినంత మేరా వేళ్ళతో తడుముతూ
కిందనుంచి పైకి చదువుకుంది:
తెలుపు మూడు, నలుపు ఒకటి, తెలుపు రెండు,
ఇక్కడ కాస్త ఆగి, నలుపు.
ఉన్ని ఏదీ మరిచిపోలేదు.

థోర్గిల్స్ అది తొడుక్కున్న రోజున
కొండ అంచున ఎండ నాలుగు నిమిషాలు నిలబడింది.
ఊరంతా పల్చటి అట్లు, కాఫీ.
ఆ వెలుగులో కనబడింది,
ఛాతీకి అడ్డంగా, లెక్క తప్పిన సన్నని గీత.
"ఇదేంటి?" అన్నాడు.

"ఆ రాత్రి నేను నిద్రపోయాను."