ఏ రంగు?

"ఏ రంగు?" అంటాడు కల్యో
కొలిమికి ఎదురుగా నిలబడి, మొహం కాస్త పక్కకి తిప్పి.
రెండు కళ్లకీ పొరలు కమ్మి ఇది మూడో శీతాకాలం.
సారెమా దీవిలో ఫిబ్రవరి,
కిటికీ అవతల సముద్రం గడ్డకట్టి
లారీలు నడిచే బాటయింది.
అతనికి అదీ ఇదీ అంతా బూడిదే.

"ముదురు చెర్రీ," అంటాను.
"ఆగు."
"నారింజ."
"ఊఁ, ఆగు."
"ఎండుగడ్డి... గడ్డి దాటింది... వెన్న!"
"తియ్యి!"
పట్టకారు నాది, సమ్మెట అతనిది.
ఆ దెబ్బ దాగలి నడిమధ్య పడుతుంది.
అరవై ఏళ్లుగా తెలిసిన దారి,
దానికి కళ్లతో పనిలేదు.

ఇనుము ఎక్కడిదంటే,
మూతపడ్డ రంపపు మిల్లుది.
ఎండెల్ తెచ్చాడు, పట్టీ రంపాన్ని చుట్టచుట్టి భుజాన వేసుకుని.
ఇరవై రెండేళ్లు దాని పక్కనే నిలబడ్డవాడు.
"నా రెండు వేళ్లు తింది," అన్నాడు,
ఫిర్యాదులా కాదు, బంధుత్వం చెప్పినట్టు.
"దీంతో ఇక రొట్టె కోసుకుంటాను."

రంపపు ముక్క, అరిగిన ఆకురాయి,
మళ్లీ రంపం, మళ్లీ ఆకురాయి.
ఏడు పొరలు పేర్చి తీగతో కట్టాం.
పైన వెలిగారం చల్లితే
అది బుసబుస పొంగి, కరిగి, గాజులా మెరిసి
పొరల సందుల్లోని చిట్టేన్ని
దెబ్బ పడగానే బయటికి కక్కింది.
నా ఎడమ కనుబొమ్మ సగం అప్పుడే పోయింది.

సాగదీసి, పలకలు తీర్చి, రెండు కడ్డీలు.
ఒక కొన బిగింపులో, రెండో కొనకి రెంచి.
తడిబట్ట పిండినట్టు పిండాలి.
ఎర్రగా ఉన్నచోట మెలి తిరుగుతుంది,
నల్లబడ్డచోట మొండికేస్తుంది.
ఎక్కువ తిరుగుతున్న చోట నేను చెంబుడు నీళ్లు పోస్తాను,
ఆవిరిలో అతను లెక్కపెడతాడు,
ఎనిమిది, తొమ్మిది, చాలు.
ఒకటి కుడికి. ఒకటి ఎడమకి.
మాటల్లేని ఇద్దరు అన్నదమ్ముల్ని
ఒకే మంచం మీద పడుకోబెట్టినట్టు పక్కపక్కన పెట్టి,
అంచుకి ఆకురాయి ఉక్కు చేర్చి
మళ్లీ నిప్పులోకి.

అది మూడోరోజు సాయంత్రం.
మధ్యాహ్నం నించీ భుజం సలుపుతోంది.
"ఏ రంగు?"
గడ్డి రంగే ఉంది.
"వెన్న," అన్నాను.

దెబ్బ పడింది. మోగాల్సినట్టు మోగలేదు.
తలుపు మీద చెప్పుతో కొట్టినట్టు, ఒక పొట్టి చప్పుడు.
కల్యో ఆగాడు. ఏమీ అనలేదు.
"మళ్లీ పెట్టు," అన్నాడంతే.
మళ్లీ పెట్టాం, మళ్లీ కొట్టాం,
ఈసారి మోగింది.

తర్వాత నూనెలో ముంచడం, పదును, సాన,
పిడికి జునిపర్ కొయ్య,
చెక్కుతుంటే గదంతా మిరియాల వాసన.
చివరికి పిడి పైకి పట్టి అలుగుని ఆమ్లంలో దించాం.
ఆకురాయి ఉక్కుని ఆమ్లం నల్లగా కొరికింది,
రంపపు ఉక్కు దానికి లొంగక తెల్లగా నిలిచింది.
చేప వెన్నెముక, దానికి అటూ ఇటూ ముళ్లు.
నేను చూస్తూ ఉండిపోయాను.

అతను చూడలేడు కదా, గోటితో చదివాడు.
ఆమ్లం తినగా మిగిలిన గట్లూ కాలవలూ
బొటనవేలి గోటి కింద నెమ్మదిగా దాటాయి.
పిడికి అంగుళం ఇవతల, వీపు దగ్గర, గోరు ఆగింది.
వెంట్రుకంత గీత.
"ఇది ఏ రంగు?"

నోరు పెగల్లేదు.
"ఎండుగడ్డి," అన్నాను.
"ఆకలేసిందా ఆ రోజు?"
"కాదు. చెయ్యి నొప్పి."
"చెప్పకపోయావా."
కత్తి తిప్పి పిడివైపు నాకు అందించాడు.
"రేపట్నించి సమ్మెట నువ్వు పట్టు. తిత్తి నేను ఊదుతా.
రంగు నీకు నువ్వే చెప్పుకో."

ఎండెల్ ఆదివారం వచ్చాడు.
కత్తిని మూడు వేళ్లతో బరువు చూశాడు,
కోటు జేబులోంచి నల్లరొట్టె తీసి
దాగలి మీదే పెట్టి కోశాడు.
గీత చూపించాను.
చలికి తడిసిన కళ్లతో కాసేపు వెతికి,
"ఏదీ?" అన్నాడు, నములుతూ.