నల్లా

జీలాంగ్ల ముసలోళ్ల హోము. రాత్రి డ్యూటీ. లాండ్రీ గది.
డ్రైయరు మీద ఫోను పెట్టి దుప్పట్లు మడత పెడుతున్న.
స్పీకర్ల రజిత: "కొత్తగ ఎవరో వచ్చిన్రట?"
"ఆఁ, ఒక నల్లపిల్ల" అన్న.

తిట్టలేదు.
నల్లగున్న పిల్లను నల్లగున్నదన్న.
ఉప్పును తెల్లగున్నదన్నట్టు,
చింతచిగురును ఎర్రగున్నదన్నట్టు.
నల్లరేగడంటే మొక్కుతం, నల్లపూసలు మెడల ఏసుకుంటం,
నలుపుకేం పాపం తెలుసు?
ఇట్లని తర్వాత నాకు నేనే చెప్పుకున్న, శానసార్లు.
నిజం మాటైతే అన్నిసార్లెందుకు చెప్పుకుంట?

ఆడికి ఆగినా బాగుండు.
"నల్లపిల్లే గని పని మంచిగ చేస్తది" అన్న.

గని.
మా ఊరే గని. మా నాయిన రెండో షిఫ్టు చేసి
పైకొచ్చేసరికి అందరు ఒక్క తీరుగ ఉండేటోళ్లు,
కండ్లు, పండ్లు తప్ప ఏం కనపడకపోవు.
నల్లా కింద కడుక్కున్నంకనే
ఎవరు ఎవరి చెంబు ముట్టొద్దో యాదికొచ్చేది.

ఇంకో గని కూడ ఉండె, మా పెద్దమ్మ నోట్లె.
చుట్టాలు వచ్చినప్పుడల్ల నా గదుమ పట్టి లేపి
"కర్రెగుంటది గని కళ ఉంటది" అనేది.
కళ సంగతి నాకు గుర్తులేదు.

పదమూడో గదిల ఎనిడ్ నన్ను చాక్లెట్ అంటది.
అన్ని పేర్లు మర్చిపోయింది, చాక్లెట్ మర్చిపోలే.
పిలుస్తది, చెయ్యి పట్టుకుంటది, పండుకుంటది.
తప్పేనేమో. నాకైతే నొయ్యదు.
ఆదివారం ఆమె బిడ్డ వస్తది, నా పేరు సక్కగ పలుకుతది.
"మీవాళ్లంటే కొంచెం జంకు ఉండేది, గని నువ్వట్ల కాదు" అన్నది.
థాంక్యూ అన్న.
ఇంటికొచ్చి అన్నం ముందట కూసుంటే మింగుడు పడలే.
ఏ మాటల ముల్లున్నదో ఎతికిన, అన్ని మెత్తగనే తగిలినయి.
నన్ను ఎత్తనీకి నా ఎనకున్నోళ్లందర్ని పక్కకు నూకింది,
ఆ సందుల నిలబడి నేను నవ్విన.

గా గనినే తెచ్చి
ఈ పిల్ల నెత్తిన పెట్టిన.

ఫోను పెట్టేసి తిరిగితే తలుపు కాడ న్యాబోల్,
సంకల తువ్వాలల మూట.
"నల్ల అంటే ఏంది?" అడిగింది.
"మూడుసార్లు అన్నవు. అన్నప్పుడల్ల గొంతు తగ్గించినవు."

తగ్గించినట్టు నాకే తెల్వదు.
తెలుగు రాని మనిషి ముందట
తెలుగుకు గొంతెందుకు తగ్గాలె?

"నల్లా అంటే మా దిక్కు నీళ్ల కుళాయి" అన్న.
మొత్తం అబద్ధం కూడ కాదు, ఒక్క దీర్ఘమే తేడా.
"అగో, అది కారుతున్నదని చెప్తున్న."

ఆమె మూట దించింది. సింకు కాడికి పోయింది.
నల్లాను గట్టిగ తిప్పింది, కింద అరచెయ్యి పట్టింది,
శానసేపు పట్టింది.
ఆ చెయ్యి నా దిక్కు చాపింది.
పొడిగ ఉన్నది.

ఇంకేం అనలే. గోడకు వేలాడే రిపేరు పుస్తకం తీసి
తారీఖు ఏసి రాసింది:
లాండ్రీల కుళాయి కారుతున్నది. చెప్పింది స్వరూప.

బేస్తవారం ప్లంబరొచ్చిండు. విప్పిండు, చూసిండు, బిగించిండు.
నా పేరు కింద రెండు ముక్కలు గీకిపోయిండు.
ఆయన రాసింది ఇంగ్లీషుల.
నాకు వినపడ్డది మా ఊరి తెలుగుల:
నల్లాల ఏ లోపం లేదు.
కారుడు ఇంకెక్కడన్న ఉన్నదేమో చూసుకోండ్రి.